శక్తికి తగిన కైంకర్యము

జీవునకు కర్మ తప్పదు. భగవద్గీతను పారాయణము చేయు ప్రతి గృహమునందును తెలిసిన మాటయే ఇది. కర్మ తప్పనప్పుడు ఏ కర్మ, ఎట్టి చోట, ఎంత మేరకు అను విచారము కూడ తప్పదు. ఐనను ఈ రెండవ విచారము పరమార్థమునకు సంబంధింపనిదని తలచి పలువురు పెద్దలు దానిని పక్కకు నెట్టుచుందురు. పొట్టకూటి పని ఏదైన నేమి, మనస్సును మాత్రము మాధవునియందు నిలిపిన చాలునందురు. వినుటకు ఇంపైన మాటయే. కాని పని చేయు చోటనే ఊపిరి సలుపనివాడు మనస్సును మాధవునియందు ఎట్లు నిలుపగలడో ఆ పెద్దలు చెప్పరు.

ఈ ప్రశ్న సూటిగా ఎదురగు చోటు ఒకటి తెలుగునాట కలదు. అది గోదావరి దక్షిణతీరమున, నేటి పెద్దపల్లి జిల్లాలో నున్న రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతము. వనవాసకాలమున శ్రీరామచంద్రుడు ఇచ్చటి గుట్టపై విడిసెననియు, అచ్చటి గుండములవలననే రామగుండమను పేరు వచ్చినదనియు స్థానికుల విశ్వాసము. గోదావరిఖని పేరునకు మాత్రము పురాణము లేదు. నది పేరును గని పేరును కలిసి ఊరైనది.

బొగ్గు చరిత్ర పురాణమంత పాతది కాదు. 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇల్లెందు పరిసరములలో బొగ్గును గుర్తించెను. 1889లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ త్రవ్వకము మొదలిడెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు వచ్చెను. నేడు ఆ సంస్థలో తెలంగాణ ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్రప్రభుత్వమునకు 49 శాతము వాటాలు కలవు. 1960వ దశకమున గోదావరిఖనిలో గనులు వెలసినప్పుడు చుట్టుపట్ల పల్లెలనుండి, దూరపు తాలూకాలనుండి కూడ జనులు వచ్చి చేరిరి. వారిలో దున్నువారు, నేయువారు, గొఱ్ఱెలు కాచువారు, కల్లుగీయువారు కలరు. తాతలనాటి వృత్తి కడుపు నింపనందున దానిని విడిచి, తట్టయు చెమ్మస్సును చేతబట్టి, ఎన్నడు నెఱుగని చీకటిలోనికి దిగినవారు వారు.

ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ఏలయన నేడు అదే కుటుంబములలో "బాయి పని మన వంశపు పని" అను మాట వినవచ్చుచున్నది. వంశపు పని యను నియమమే నిజముగా చెల్లినచో ఆ తాత నాగలి విడిచి గోదావరిఖనికి వచ్చియే యుండడు గదా! అతడు బిడ్డలకు మిగిల్చినది గని మాత్రమే కాదు. తన కాలమునకు, తన శక్తికి తగిన పనిని వెదకుకొని పోవు ధైర్యమును గూడ మిగిల్చెను. ఆ రెండవ ఆస్తిని పంచుకొనువారు తక్కువ.

బొగ్గుబాయి పని ఎట్టిదో ఎఱుగని యాత్రికులకు కొంత చెప్పవలసియున్నది. షిఫ్టు మొదలగునప్పుడు కార్మికుడు లాంపురూములో దీపము తీసికొని, టోపీకి తగిలించుకొని, వాలుగా దిగు బాటలో భూమిలోనికి నడచును. కొన్ని చోట్ల తల ఎత్తుటకు వీలుండదు. గాలి యంత్రములు త్రోసిన గాలియే గాలి. లోపలికి పోయినకొలది ఉక్క, తేమ, చెమట. పైకప్పు ఎప్పుడు గుల్లగా మ్రోగునో, ఎప్పుడు గట్టిగా మ్రోగునో చెవితో తెలిసికొనవలెను. ఈ భయము నిరాధారము కాదు. 2003 జూన్‌లో గోదావరిఖని ప్రాంతపు 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ ఊరిలో ఆ సంఖ్యను ఎవరును మఱువరు.

ఇట్టి చోట సుఖముగా పని చేయువారును కలరు. ఇది విచిత్రముగా తోచవచ్చును గాని సత్యము. జట్టు కట్టి దిగుట, ఒకరి ప్రాణమునకు మఱియొకరు కాపుండుట, టిఫిను పంచుకొని తినుట, ఇవి వారికి ప్రీతి. అట్టివారిని పైకి తెచ్చి బల్లముందు కూర్చుండబెట్టినచో నెలలోనే వాడిపోదురు. కావున గని చెడ్డది, కార్యాలయము మంచిది అని ఇచ్చటి వాదము కాదు. ఒకనికి అన్నమైనది మఱియొకనికి అజీర్ణమగును.

దేశపు చట్టమే ఈ భేదమును అంకెలతో గుర్తించినది. 1952 నాటి గనుల చట్టము భూమిపైన పని చేయువానికి దినమునకు 9 గంటలను, భూగర్భమున పని చేయువానికి 8 గంటలను హద్దుగా పెట్టెను. వేతనముతో కూడిన సెలవునకు అర్హత పొందుటకు పైనివాడు ఏడాదిలో 240 హాజరులు పూర్తి చేయవలసియుండగా, లోపలివానికి 190 చాలునని నిర్ణయించెను. శరీరమునకు హద్దు కలదని రాజశాసనము ఒప్పుకొన్నదన్నమాట. ఐదేండ్ల కొకసారి వైద్యపరీక్ష జరుపవలెనని 1955 నాటి నియమావళి విధించెను. కంటిచూపు, ఊపిరితిత్తులు, రక్తపోటు మొదలగునవి ఆ పరీక్షలో తేలును. స్వభావము తేలదు. ఇరుకుచోట గుండె దడదడలాడువానిని ఎక్స్‌రే పట్టజాలదు. దానిని పట్టవలసినది ఇల్లు.

ఇంటిలో ఏమి జరుగుచున్నదో చూడుడు. సింగరేణిలో తండ్రి ఉద్యోగము కొడుకునకు వచ్చు పద్ధతి చిరకాలముగా ఏదో ఒక రూపమున కలదు. 2016లో వారసత్వ ఉద్యోగముల పథకము ప్రకటింపబడెను. 2017లో న్యాయస్థానము దానిని కొట్టివేసెను. పిమ్మట 2018 నుండి, వైద్యపరముగా అన్‌ఫిట్ ఐనవారి వారసులకు కారుణ్య నియామకముల మార్గము నడచుచున్నది. ఉద్యోగములు అరుదైన కాలమున ఇది ఎందఱో గృహస్థుల పొయ్యి ఆరకుండ కాపాడినది. దానిని తేలికగా మాటలాడరాదు. కాని డిగ్రీలు, ఇంజనీరింగు చదివిన యువకులును బదిలీ కార్మికులుగా చేరి బాయి దిగుచున్నారు. వారిలో కొందఱు ఇముడుదురు, కొందఱు ఇమడరు.

ఇమడని వాని ఇల్లు ఒకటి ఊహింపుడు. తండ్రి ముప్పది యేండ్లు బొగ్గు దుమ్ము మ్రింగి దగ్గుచు మంచమెక్కినాడు. ఉద్యోగము కుమారునకు వచ్చినది. ఆ ఉద్యోగమును చూచియే పిల్లనిచ్చినారు. మూడు నెలలు గడచునప్పటికి కుమారునకు నాగాలు మొదలైనవి. "నీ తాత దిగిన బాయి, నేను దిగిన బాయి, నీకేమాయె బిడ్డా?" అని తండ్రి అడుగును. "బాపూ, ఆడ నాకు ఊపిరాడదు" అని కొడుకు చెప్పును. ఆ మాటను ఇంటిలో ఎవరును నమ్మరు. సోమరి అందురు. స్నేహితుల సావాసమందురు. కొన్నాళ్లకు అతడు చెప్పుట మానును. షిఫ్టునకని ఇల్లు వెడలి, బస్టాండులో కూర్చుండి, వేళకు ఇల్లు చేరును. తరువాత మద్యము. ఆ పిదప మస్టర్లు చాలక నోటీసు, నోటీసు పిదప ఉద్యోగనాశము. తండ్రి ఊపిరితిత్తులను వెలకట్టి తెచ్చిన అన్నము ఇట్లు నేలపాలగును. ఆ యువకుడు తొలినాడు చెప్పిన నాలుగు మాటలను ఒక్కరు చెవినిడి, గని అధికారియొద్దకు తోడు పోయియున్నచో కథ వేఱుగా నుండెడిది.

"స్వధర్మమును విడువరాదు గదా" అని ఇచ్చట గీతను ముందుకు తెచ్చువారు కలరు. పార్థసారథి ఆ బోధను ఎవరికి, ఎప్పుడు చేసెనో చూడవలెను. అర్జునుడు యుద్ధము తన స్వభావమునకు సరిపడదని అనలేదు. బంధుమోహము కమ్మి, భిక్షమెత్తి బ్రదుకుదునన్నాడు. జీవితమంతయు విల్లే లోకముగా పెరిగినవాడు భిక్షాపాత్ర పట్టినంతనే విరాగి కాడని భగవానునకు తెలియును. నీ ప్రకృతియే నిన్ను నీ పనికి ఈడ్చుకొని పోవునని హెచ్చరించెను. అనగా ఆ ఉపదేశమునకు మూలము స్వభావమే. దానిని తండ్రి హాజరుపట్టీగా మార్చుట వ్యాఖ్యానము కాదు, వక్రీకరణము. ఇంతకును ఆ బోధ చేసినవాడు ఆ సంగ్రామమున ఏ పని కోరుకొనెను? ఆయుధము పట్టనని ముందే హద్దు చెప్పి, గుఱ్ఱముల పగ్గములు పట్టెను. జగన్నాథునకు అది తక్కువ పనిగా తోచలేదు.

ఈ విషయమున తెలుగువారికి విరాటపర్వమును మించిన గురువు లేదు. వానలు కురియవలెనని ఊరూర చదివించుకొను పర్వమది. దానిని ఉద్యోగాన్వేషణ కథగా కూడ చదువవచ్చును. అజ్ఞాతవాసము సమీపింపగా ధర్మరాజు తమ్ములను ఒక్కొక్కరిని పిలిచి, విరాటుని కొలువులో నీవు ఏ పని చేయగలవు అని అడిగెను. ఈ పని చేయుమని ఆజ్ఞాపింపలేదు, అడిగెను. ఎవరి యెఱుక వారిది. ఆకలియు బలమును ఎఱిగిన భీముడు వంటశాల కోరెను. నకులుడు గుఱ్ఱములను, సహదేవుడు గోవులను కోరిరి. అర్జునునకు ఊర్వశి శాపము ఉండెను. శాపమనగా ఆనాడు అతని మీద పడిన హద్దు. ఆ హద్దునే ఆశ్రయముగా చేసికొని బృహన్నలయై ఉత్తరకు నాట్యము నేర్పెను. గాండీవమెత్తిన చేతులు చిడుతలు పట్టినవని ఎవరును నవ్వలేదు. నవ్విరేమో, అతడు లక్ష్యపెట్టలేదు. ఇక ధర్మరాజు తానే జూదమున రాజ్యము పోగొట్టుకొన్నవాడు. అరణ్యమున బృహదశ్వ మహర్షియొద్ద అక్షవిద్య నేర్చి, ఆ విద్యతోనే కంకుభట్టుగా సభలో కుదిరెను. పనికి ముందు శిక్షణ యుండవలెననుటకు ఇంతకంటె దృష్టాంతమేల? గనిలోనికి దిగుటకు ముందు కొత్త కార్మికునకు వృత్తిశిక్షణ ఇచ్చుట ఇట్టిదే.

అందఱికంటె తెలివిగా మాటలాడినది ద్రౌపది. సుధేష్ణయొద్ద మాలినిగా చేరునప్పుడు తాను ఎంగిలి ముట్టననియు, ఒకరి పాదములు కడుగననియు తొలినాడే చెప్పెను. పూలదండలు కట్టుదును, జడలల్లుదును, గంధము తీయుదును, ఇంతవరకే. దాసిగా కుదురుచు హద్దులు చెప్పుటయా అని రాణి కోపింపలేదు, ఒప్పుకొని పనిలో పెట్టుకొనెను. కాని కీచకుని దుర్బుద్ధి తెలిసియు, మద్యము తెచ్చు నెపమున ద్రౌపదిని అతని యింటికి పంపినది ఆ రాణియే. తగిన పని తగని చోటుగా మారుటకు ఒక్క యజమాని ఒక్క ఆజ్ఞ చాలును. అప్పుడు ద్రౌపది ఏమి చేసెను? సభలో మొఱపెట్టెను, ఫలము లేకపోయెను. ఆ రాత్రి వంటశాలకు పోయి భీముని లేపెను. ఎవరికి చెప్పిన పని జరుగునో వారికే చెప్పెను. గనిలో సర్దారునకు చెప్పవలసినది సర్దారునకు, వైద్యునకు చెప్పవలసినది వైద్యునకు, సంక్షేమాధికారికిని సంఘమునకును చెప్పవలసినది వారికి చెప్పవలెను. ఇంటిలో భార్యపై అరచినంత మాత్రమున పైకప్పు ఎత్తు పెరుగదు.

ఐనను ఒక సందేహము నిలుచును. పని నచ్చకపోవుట వేఱు, పని చేయజాలకపోవుట వేఱు. మొదటి దినములలో బాయి భయపెట్టని వాడెవడు? ఒక ఋతువు గడచినప్పుడు, పాత కార్మికుని చేయి పట్టుకొని నడచినప్పుడు, పలువురకు ఆ భయము సన్నగిల్లును. దానికి ఓపిక పట్టవలెను. నిద్ర లేమి, రాత్రి షిఫ్టు చికాకు, పై అధికారి కటువు మాట, ఇవి ఏ కొలువున లేవు? వీనికై పని మార్చుకొన్నవాడు క్రొత్త చోట మరల వీనినే చూచును. కాని నెలలు గడచినను దీపము తగిలించుకొన్నంతనే చేతులు వణకుట, దిగిన పిదప కాళ్లు నిలువకుండుట, సెలవునాడు సైతము మఱునాటి షిఫ్టును తలచి అన్నము దిగకుండుట, ఇవి సోమరితనమునకు గుర్తులు కావు. సోమరికి ఇల్లు చేరిన పిదప హాయి. ఇట్టివానికి ఇంటను హాయి లేదు. భేదము ఇచ్చటనే తెలియును.

భక్తుని నియమముల సంగతి కూడ ఈ సందర్భమున చెప్పవలసినదే. ఏకాదశినాడు నీరు సైతము ముట్టక ఉపవసించి, ఆ శరీరముతోనే ఉక్క గనిలోనికి దిగు భాగవతులు కలరు. వారి నిష్ఠకు నమస్కారము. కాని చెమటతో శరీరమునందలి నీరు పోవు చోట కళ్లు తిరిగి పడినచో ఆపద తనకు మాత్రమే కాదు, జట్టునకంతకును. బాలురకు, వృద్ధులకు, రోగులకు శాస్త్రము సడలింపు నిచ్చినది. ఫలహారముతోను, సెలవుదినపు పారాయణముతోను వ్రతమును నిలుపుకొనుట శక్తికి తగిన మార్గము. దీక్ష పట్టినవారు పాదరక్షలు విడువవలెనందురు. గనిలో బూట్లు విడువరాదు. దీక్షాకాలమున సెలవు పెట్టుకొనుటయో, పైన పని అడుగుకొనుటయో చేయవలెను గాని పాదములను ప్రమాదమున పెట్టరాదు.

స్త్రీల విషయమున చట్టము చూపిన జాగ్రత్త ఒకటి గమనింపదగినది. 1952 నాటి చట్టము స్త్రీలను భూగర్భపు పనికి నిషేధించెను. 2019లో కేంద్రప్రభుత్వము పగటివేళ సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ బాధ్యతలలో వారిని అనుమతించెను. ఐతే ఆమె సమ్మతి వ్రాతమూలముగా ఉండవలెనని నియమము పెట్టెను. కుమార్తె దిగవలెనన్నచో ఆమె వ్రాసి ఇయ్యవలెను. కుమారుని సమ్మతిని మాత్రము ఇంటిలో నోటిమాటగానైన అడుగువారు లేరు.

పైకి మారుట సులభమని చెప్పిన అసత్యమగును. పైన ఉన్న పనులు కొన్నియే, కోరువారు ఎందఱో. లోపలి పనికి వచ్చు అలవెన్సు పైన రాదు. జీతము తగ్గును. వాడలో గౌరవము తగ్గినట్లు కూడ తోచును. లాంపురూములో దీపములు తుడిచి ఇచ్చువానిని, స్టోర్సులో సామగ్రి లెక్క వ్రాయువానిని, దిగువారు కొందఱు చులకనగా చూచుట కలదు. ఆ చులకన అన్యాయము. దీపము సరిగా వెలుగనిచో దిగిన బలవంతుడెవ్వడును నాలుగడుగులు వేయజాలడు. కొందఱు జీతము తగ్గుదల భరింపలేక లోపలనే ఉందురు. వారి లెక్క వారిది, దానిని తప్పుపట్ట తగదు. కాని ఆ లెక్కను ఇల్లంతయు కలిసి వేయవలెను. తగ్గు సొమ్మెంత, ఆసుపత్రికిని మద్యమునకును పోవు సొమ్మెంత అని ఒక కాగితముపై వ్రాసి చూచుకొనుటకు సిగ్గేల?

ఇక పని ఇచ్చువారికి, పెద్దలకు వైష్ణవ సంప్రదాయము చూపిన ఉదాహరణము తిరుమలనంబి చరిత్ర. ఆయన యామునాచార్యుల శిష్యులు, భగవద్రామానుజులకు మేనమామ, వారికి శ్రీమద్రామాయణ రహస్యములను ఉపదేశించిన గురువు. అంతటి జ్ఞానికి నిత్యకైంకర్యమేమనగా నీళ్లు మోయుట. ప్రతిదినమును పాపవినాశన తీర్థమునకు నడచి, కుండనిండ నీరు నింపి, శిరస్సున పెట్టుకొని, కొండదారిలో ఆలయమునకు తెచ్చుట. ఏండ్లు గడచినవి. వయస్సు మీదపడినది. దారి మాత్రము తగ్గలేదు. ఆయన అలసటను ఎవరికిని చెప్పలేదు, స్వామికి సైతము చెప్పలేదు.

ఒకనాడు అడవిదారిలో ఒక వేటగాడు వెంటబడి, "తాతా, దాహముగా నున్నది, నీరు పోయుము" అని అడిగెను. స్వామి అభిషేకమునకు కొనిపోవు నీరు ఇయ్యనని నంబి ముందునకు సాగెను. వేటగాడు వెనుకనుండి బాణము వేసి కుండకు చిల్లి చేసి, ధారను దోసిట పట్టి త్రాగెను. వట్టికుండ దించి వృద్ధుడు విలపించెను. ఈ ప్రాయమున మరల అంతదూరము పోవుటయెట్లు, అభిషేకపు వేళ తప్పదా అని ఆయన దుఃఖము. అప్పుడు ఆ వేటగాడు చింతింపకుమని చెప్పి, కొండపై మఱియొక బాణము వేసెను. అచ్చట జలధార వెలువడెను. ఇక మీదట ఇచ్చటినుండియే నీరు తెమ్మని చెప్పి అదృశ్యుడయ్యెను. ఆ ధారయే ఆకాశగంగ. ఆ వేటగాడు ఎవరో నంబికి అప్పుడు తెలిసినది.

ఈ కథలో భక్తులు స్వామి దయను చూచుచుందురు. దయ ఎట్టి రూపమున వచ్చెనో కూడ చూడవలెను. ముసలివాడవైతివి, ఇక చాలించుమని స్వామి అనలేదు. భక్తుడవైనచో కష్టమును ఓర్చుకొనుమనియు అనలేదు. నంబికి యౌవనము తిరిగి ఇచ్చి ఆ పొడవు దారిననే నడపింపనూ లేదు. కైంకర్యము అదే, కుండ అదే, సేవకుడు అతడే. నీటినే దగ్గరకు తెచ్చెను. సర్వశక్తుడైన యజమానుడు సేవకుని హద్దును చూచి, పని చోటును సవరించెను. ఊపిరాడని కార్మికునకు పైన పని వెదకి పెట్టు మేనేజరును, మోకాళ్లు అరిగిన టింబర్‌మన్‌ను హాలరు వద్దకు మార్చు అధికారియు, కుమారుని మాట నమ్మి తోడువచ్చు తండ్రియు చేయునది ఈ పనియే.

ఏటేట తిరుమలలో అధ్యయనోత్సవము ముగిసిన పిమ్మట తన్నీరముదు ఉత్సవము జరుగును. నంబి వంశీకులు ఆకాశగంగ తీర్థమును శిరస్సున ధరించి, వేదఘోషతోను ప్రబంధ పారాయణముతోను మాడవీథులలో వచ్చి స్వామికి సమర్పింతురు. పాపవినాశనమునకు పోవు దారి నేటికిని ఉన్నది, యాత్రికులు పోయి స్నానము చేయుచునే ఉన్నారు. అభిషేకపు నీరు మాత్రము ఆకాశగంగనుండియే వచ్చును.